కొసరు

ఫ్యాక్టరీలో వేలు గుచ్చి చూసి
రక్తం ఎనిమిదే ఉందన్నారు నాకు.
ఆకుకూరలు, గింజలు, రోజుకో గుడ్డు తినమని
చీటీ రాసిచ్చిన డాక్టరమ్మ
ఏ జీతంతో తినాలో రాయలేదు.

హొంగసంద్రలో మా వరస ఆరు గదులు,
ఆరు పొయ్యిలు, ఒకటే కొళాయి.
వీధి మొదట్లో అంగడతను
పావుకిలో అడిగితే మొహం చిట్లించి
అరకిలో ధర చెప్తాడు.
ఒకరికి తెలీకుండా ఒకరం
రోజూ అతని దగ్గరే ఓడిపోయి వచ్చేవాళ్ళం,
చేతిలో వాడిన కొత్తిమీర కట్టతో.

మాట మొదలెట్టింది మునెమ్మత్త.
బిందె నిండేలోపు తేల్చేసింది:
"మూటగా కొంటే సగానికి సగం.
మూట ఒక్కరం తినలేం. ఆరిళ్ళు తినలేవా?"
షఫీవుల్లా ఆటో ఉంది,
ఆదివారం కోడి కూయకముందే
కలాసిపాళ్యం దాకా ఎటూ ఖాళీగానే పోతుంది.

ఇంటికి నూట యాభై వేశాం.
చలి ముదిరింది కదా, ఇంకేం కొంటాం,
"అనపకాయలు" అంది మునెమ్మత్త.
అందరికంటే గట్టిగా తలూపింది
విజయనగరం పైడితల్లి.

మూట దిగింది. విప్పాం.
మంచుకి తడిసిన పచ్చటి తొక్కలు,
వేళ్ళకంటితే వదలని జిడ్డు వాసన.
పైడితల్లి మోచేతి దాకా చెయ్యి పెట్టి
అడుగున వెతికింది.
"అనపకాయేదమ్మా?"
"ఇవే గదే!"
"ఇవి చిక్కుళ్ళు కావేటి?"

వాళ్ళ ఊళ్ళో అనపకాయంటే
చంకనెత్తుకునేంత సొరకాయ.
మా పలమనేరులో అనపకాయంటే
చిటికెనవేలంత ఇది.
పుట్టతాయమ్మ మధ్యలో దూరి
రెండూ కాదు, అవరెకాయి అంది.
మేం పడీపడీ నవ్వాం.
పైడితల్లి నవ్వలేదు.
నూట యాభై అంటే
వాళ్ళ పిల్లాడికి ఆరు రోజుల పాలు.

తూకం మొదలైంది.
ఇరవై కిలోలు, ఆరు వాటాలు.
ఏడో తరగతి లెక్క గదా అని
మా హిమబిందుకి పెన్సిలిచ్చాం.
"మూడు... పాయింటు మూడు... మళ్ళీ మూడు...
ఇది అయిపోదమ్మా" అంది.
అయిపోని ఆ మూళ్ళన్నీ కలిపితే
మూట అడుగున రెండు దోసిళ్ళు.
మార్కెట్టులో కొసరడిగితే
మూటకి కొసరేందమ్మా, పొమ్మన్నారంట.
మునెమ్మత్త ఆ రెండు దోసిళ్ళూ
పైడితల్లి గిన్నెలో పోసి
చేతులు దులుపుకుంది. ఏమీ అనలేదు.
పుస్తకంలోనూ రాయించలేదు.

ఆ రాత్రి ఆమెకి పితికిపప్పు నేర్పాం.
నానిన గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కితే
తొక్క చేతిలో ఉంటుంది,
పప్పు ఎగిరి ఎక్కడో పడుతుంది.
పిల్లాడు ఒక్కో గింజ వెనకా పరిగెత్తాడు.
అప్పుడు నవ్వింది.

అన్నీ సజావుగా జరిగాయనను.
డీజిలు వాటా దగ్గర గొడవ.
బ్రహ్మచారుల గది, ఉడకడానికి గంట పట్టేదేదీ
మాకొద్దంది.
రాగుల మూటకి పురుగు పడితే
నీ ఇంట్లోంచంటే నీ ఇంట్లోంచని
వారం రోజులు కొళాయి దగ్గర మాటల్లేవు.
మళ్ళీ ఆదివారం వచ్చింది.
ఆకలికి అలక తెలీదు కదా.

కొసరు మాత్రం ఇప్పటికీ పుస్తకంలోకి ఎక్కదు.
ఓటీ తెగిన వారం పుట్టతాయమ్మకి,
జ్వరమొస్తే ఆ బ్రహ్మచారుల్లో చిన్నోడికి.
నాకు వరసగా మూడు వారాలు మునగాకు పోశారు,
అడగలేదు నేను.
పోయిన నెల మళ్ళీ వేలు గుచ్చారు.
తొమ్మిదిన్నర.

ఈ ఆదివారం పైడితల్లి మాట నెగ్గింది.
ఆటోలోంచి దిగాయి ఆమె అనపకాయలు,
ఆరిళ్ళకి మూడు.
కత్తిపీట వాల్చుకుని కూర్చుంది,
తొడిమ వైపెవరికి, అడుగు వైపెవరికని.
పక్కనే హిమబిందు,
గళ్ళు గీసేసి, పెన్సిలు కొరుకుతోంది,
ఆ వరసకి ఏ పేరు రాయాలో
ఇంకా ఎవరూ తేల్చలేదు.